ముప్పావు లీటరు

మంగళవారం, శుక్రవారం
తెల్లారగట్ల నాలుగున్నరకి
నా ఆటో కవిటి రోడ్డెక్కుతుంది.
వెనక నలుగురు. మాటలుండవు.
సోంపేట ఆస్పత్రిలో నాలుగు గంటలు
వాళ్ల నెత్తురు మిషన్లోకి పోయి
కడుక్కుని తిరిగొస్తుంది.
అందాకా నేను
వెనక సీట్లో కాళ్లు బయటపెట్టి పడుకుంటాను.

అక్కడే, గోడవార, ఒంటిరెక్క మందారం.
పాతిందెవరో తెలీదు.
ఏసీ గొట్టం నించి కారే చుక్కలే
దాని వంశధార.

తామాడ దానయ్య ఓ శుక్రవారం బయటికొచ్చి
సూదులు దిగిన చేతిని గుండెకానించుకుని
రెండో చేత్తో కొమ్మ వంచి
"ఒరే కూర్మా, నీకాడ బ్లేడుందేటి?" అన్నాడు.

పెన్సిలంత లావు,
లేతదీ కాదు ముదురుదీ కాదు.
కణుపు కింద ఏటవాలుగా కోశాడు.
ఆకులన్నీ దూసేసి పైన రెండుంచి
ఆ రెండూ సగానికి చింపేశాడు.
"అదేటి మావా, అలగ చింపీసినావు?"
"ఏరు నేనోడికి ఆకులెక్కువుంటే
దాహం ఆగదురా.
దాహవంటే ఏటో నాకెరిక నేదేటి?"

రోజుకి ముప్పావు లీటరు ఆయన లెక్క.
టీ, చారు, మాత్ర మింగిన గుక్క
అన్నీ అందులోనే.
స్టీలు చెంబు లోపల సుందరమ్మ
మేకుతో గీత గీసింది.
చుట్టూరా ఉద్దానం,
పెరట్లో పదకొండు కొబ్బరిచెట్లు,
సొంత చెట్టు బొండాం ఆయనకి విషం.

ఆషాఢంలో ఇసకనేలన గుంట తీసి
చివికిన కొబ్బరి పీచు, పెంటమట్టి కలిపి పాతాడు.
ఖాళీ సెలైను సీసా కర్రకి వేలాడదీసి
మొదట్లోకి చుక్క చుక్క వదిలాడు.
చూసినోళ్లకి చెప్పేవాడు:
"దీనికీ ఎక్కిస్తన్నారు, నాలుగ్గంటలు."
నవ్వొచ్చినా నవ్వేవాళ్లం కాదు.
ఆయనే నవ్వేవాడు.

నలభయ్యో రోజున ఆవగింజంత పచ్చ.
పిండినల్లి పట్టింది. కుంకుడు నురగతో తుడిచాడు.
మేక తింది. ముళ్లకంప కట్టాడు.
మొగ్గలొచ్చి రాలిపోతే
మొగ్గనేమీ అనకుండా
వేళ్ల దగ్గర చెయ్యిపెట్టి తడి చూశాడు.
మాఘంలో మోకాలెత్తుకి నరికేస్తే
సుందరమ్మ రెండ్రోజులు మాటాడలేదు.
చైత్రానికి ఒక్కో మోడుకీ మూడేసి కొమ్మలు.

ఆ ఏడు తుఫానొచ్చింది.
పదకొండు కొబ్బరిచెట్లలో తొమ్మిది పడ్డాయి,
నిటారుగా నిలబడ్డవి నిలబడ్డట్టే విరిగాయి.
మందారం నేలకి పడుకుంది,
ఉప్పుగాలికి ఆకులు కాగితాల్లా మాడాయి.
కర్ర కట్టి లేపాడు.
వారం తిరక్కుండా
కరెంటు రాకముందే
పువ్వొచ్చింది.

ఆ తర్వాతే మొదలయింది.
ఆటోలో కూర్చునేవాళ్లకి తలో కొమ్మ,
తడిగుడ్డ చుట్టి, సెలైను సీసాలో.
మాణిక్యపురం మలుపులో పిలక భూలోకం ఇల్లు,
బొరివంకలో కుట్టుమిషను ధర్మావతి,
ఇంకా అటు, రేకుల షెడ్డు ముందు
పేరు చెప్పని పెద్దాయన.
చీకట్లో నేను నంబర్లు చూసుకోను,
హెడ్‌లైటుకి ఎరుపు తగిలితే బ్రేకేస్తాను.
కొన్నిచోట్ల ఇప్పుడు ఆగే పని లేదు.
కాలు మాత్రం బ్రేకు మీదకెళ్తుంది.

నిన్న దానయ్య ఇంటి ముందూ అలాగే ఆగిపోయాను.
నెలా పది రోజులయింది.
చెయ్యి హారను మీదకి కూడా పోయింది.
సుందరమ్మ లాంతరు పట్టుకుని గుమ్మంలోకొచ్చి
నన్నేమీ అడగలేదు.
వెనక సీట్లో కొత్త కుర్రాడు,
చేతికి ఇంకా కట్టు విప్పలేదు.
వాణ్ని చూసి, ఓ కొమ్మ చూసి
ఏటవాలుగా కోసింది.
ఆకులు సగానికి చింపింది.

తరవాత చెంబు తెచ్చింది, ఆ చెంబే.
గీత దాటించి, అంచు దాకా నింపి
మొక్క మొదట్లో కుమ్మరించింది.
ఇసక గటగటా తాగిన చప్పుడు.

నా వెనక, ఆటోలో,
నలుగురూ ఒక్కసారే
గుటక మింగారు.